శుక్రవారం కబుర్లు: సెకనుకు పాతికా, ముప్పయ్యా?

పోయిన వారం డబ్బు పంపిన రసీదులు ఎందుకు దాచుకోవాలో చెప్పుకున్నాం. ఈ వారం పూర్తిగా వేరే సంగతి. వీడియోల గురించి.

క్యాంపులో కంప్యూటర్ ముట్టుకున్నవాడు ఒకడుంటే చాలు, అందరి పనులూ వాడి గదికే వస్తాయి. నేను ఇంటర్మీడియట్ దాకా చదివినవాణ్ని. కువైట్‌లో ఒక కంపెనీ ఆఫీసులో టైమ్ షీట్లు ఎక్కించే గుమాస్తాని. అయినా మా క్యాంపులో నేనే స్టూడియో. పుట్టినరోజు ఫోటోలకు పాట పెట్టాలన్నా నేనే, ఉగాది నాడు మనవాళ్లు మెస్ హాల్లో వేసిన నాటకం ముక్కలు అతికించాలన్నా నేనే. కూలి ఏమంటే రెండు చాయలు, ఒక సమోసా. కానీ రెండు నెలల కింద వచ్చిన ఒక పని నన్ను మూడు శుక్రవారాలు కూర్చోబెట్టింది. అందులో నేర్చుకున్నది మీలో చాలామందికి పనికొస్తుందని రాస్తున్నాను.

మామ అడిగిన పని

మా బ్లాకులో ఒక టైల్స్ మేస్త్రి ఉన్నాడు. రాయచోటి వైపు మనిషి. వయసులో పెద్దవాడు కాబట్టి అందరం మామ అంటాం. వాళ్ల ఒక్కగానొక్క కూతురికి పెళ్లి కుదిరింది. వెళ్లాలంటే టికెట్టు, సెలవు రోజుల జీతం రెండూ పోతాయి. ఆ డబ్బుతో కల్యాణ మండపం అద్దె, వంటవాళ్ల లెక్క తీరుతాయి. మామ రెండు రాత్రులు ఆలోచించి డబ్బే పంపాడు, తాను వెళ్లలేదు. ఇలాంటి లెక్క మనలో వేసుకోనివాడు ఎవరు?

ముహూర్తం తెల్లవారుజాము 4 గంటలకు. మనకు రాత్రి 1:30. మామ కొత్త చొక్కా వేసుకుని, తలుపు బయట మెట్ల మీద కూర్చుని వీడియో కాల్‌లో చూశాడు. మండపంలో జనం ఎక్కువై సిగ్నల్ ఆగి ఆగి వచ్చింది. సరిగ్గా తాళి కట్టే వేళకు బొమ్మ నిలిచిపోయింది. మళ్లీ కలిసేసరికి అక్షింతలు కూడా అయిపోయాయి. ఆ రాత్రి ఆయన ఏమీ అనలేదు. పొద్దున్నే మామూలుగా బస్సెక్కి సైటుకు పోయాడు.

పది రోజుల తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "అల్లుడా, స్టూడియో వాళ్లు క్యాసెట్టు ఇచ్చేదానికి రెండు నెలలంట. ఇచ్చినా దాంట్లో అన్నీ సినిమా పాటలే పెడతారు, మాటలు ఇనపడవు. నాకు అయ్యవారి మంత్రాలు, మా వాళ్ల మాటలు అన్నీ ఇనపడాల. నువ్వు సేస్తావా?" అన్నాడు. ఇప్పటికీ ఆయనకు వీడియో అంటే క్యాసెట్టే.

నాలుగు రకాల ముక్కలు

ఫోన్ చేసి అడిగితే ఊరి నుంచి పెన్‌డ్రైవ్ వచ్చింది, సెలవు మీద పోయి తిరిగొచ్చిన ఒక తమ్ముడి చేతిలో. స్టూడియోవాళ్ల రెండు కెమెరాల అసలు రికార్డింగ్, అమెరికాలో చదువుకునే బావమరిది కొడుకు తన కెమెరాతో తీసినవి, మామ తమ్ముడి ఫోన్‌లోవి, ఇంకో పిల్లవాడి ఫోన్‌లోవి. అన్నీ కలిపి దాదాపు అయిదు గంటలు.

నేను ఎప్పటిలాగే అన్నిటినీ వరుసగా పెట్టి, బాగున్న ముక్కలు కోసి అతికించాను. అందులో ముఖ్యమైనది మామ తమ్ముడి ఫోన్‌లోని 20 నిమిషాల ముక్క. స్టూడియో కెమెరా పెళ్లికొడుకు వైపు ఉంటే, ఈ ఫోన్ పెళ్లికూతురికి ఎదురుగా ఉంది. జీలకర్ర బెల్లం దగ్గర మొదలై, తాళి, అక్షింతలు అన్నీ అయ్యాక చివర్లో ఆ పాప ఫోన్ వైపు తిరిగి తండ్రితో మాట్లాడింది.

మొదటి శుక్రవారం మామను పిలిచి చూపించాను. మొదట్లో అంతా బాగుంది. మంత్రానికి అయ్యవారి నోరు సరిగ్గా కలిసింది. పోను పోను నోరు ముందు, మాట వెనక. డోలు మీద దెబ్బ పడ్డాక ఎప్పటికో చప్పుడు. చివరికి పాప నోరు కదిలింది, మాట లేదు. ఫోన్ కిందికి దిగి నేల మీద చెప్పులు కనపడుతున్నప్పుడు వినిపించింది: "నాయనా, అన్నం తింటివా?"

మామ ఆ చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, "గొంతు మా పాపదే. కానీ ఆ మాట మా పాప అన్నెట్టు లేదు" అన్నాడు.

నాకు సిగ్గేసింది. సౌండును 8 సెకన్లు ముందుకు జరిపాను. చివర సరిపోయింది, మొదలు చెడిపోయింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మాటకూ బొమ్మకూ తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే, జరిపితే సరిపోతుంది. తేడా పెరుగుతూ పోతుంటే జరపడం దండగ. రోజుకు రెండు నిమిషాలు ముందుకు పరుగెత్తే గడియారాన్ని ఇవాళ సరిచేస్తే రేపు మళ్లీ తప్పుతుంది కదా, ఇదీ అంతే.

టైల్స్ లెక్క

వీడియో అంటే కదిలే బొమ్మ కాదు. నిలిచిన ఫోటోలు ఒకదాని వెనక ఒకటి వేగంగా చూపిస్తే కన్ను కదిలినట్టు భ్రమపడుతుంది. సెకనుకు ఎన్ని ఫోటోలు అన్నదే ఫ్రేమ్ రేట్. మన దేశంలో స్టూడియో కెమెరాలు మామూలుగా 25 మీద పెడతారు. ఫోన్లు 30 మీద తీస్తాయి. ఆ అమెరికా అబ్బాయి సినిమాలా కనపడాలని 24 మీద పెట్టాడు. చిన్న పిల్లవాడి ఫోన్ 60 మీద ఉంది. నేను ఇవేవీ చూడకుండా ఒకే సంచిలో పోశాను.

ఇది మామకు ఎలా చెప్పాలా అని ఆలోచించి ఆయన పనిలోంచే చెప్పాను. "మామా, ఒక మీటరు పొడుగులో 25 ముక్కలు పరిచావనుకో. పక్క వరసలో అదే మీటరులో 30 ముక్కలు పరిచావు. జాయింట్లు కలుస్తాయా?"

"యాడ కలుస్తాయి? అయిదో ముక్క కాడ, ఆరో ముక్క కాడ కలుస్తాయి, మళ్లా పదికీ పన్నెండుకూ" అన్నాడు వెంటనే. నాకు కాగితం మీద లెక్క వేస్తే గానీ రాలేదు. తర్వాత ఆయనే అన్నాడు: "అయితే ముప్పయి వరసలో ప్రతి ఆరింటికీ ఒకటి తీసేసి, మిగిలిన అయిదూ కొంచెం ఎడంగా జరపరాదా?"

కంప్యూటర్ చేసేది అచ్చంగా అదే. 30 ను 25 లో పెట్టాలంటే ఆరు ఫోటోలకు ఒకటి వదిలేస్తుంది. పొడుగు మారదు, కాబట్టి మాట తప్పదు. కెమెరా అటూ ఇటూ వేగంగా తిప్పినచోట మాత్రం సన్నని కుదుపు కనపడుతుంది. మనిషి కూర్చుని మాట్లాడే చోట అసలు తెలియదు. అదే 25 ను 30 లో పెట్టాలంటే ప్రతి అయిదు ఫోటోలకు ఒకటి రెండుసార్లు చూపించాలి.

మరి అందరూ ఒకే లెక్క ఎందుకు పెట్టుకోలేదు అంటారా? అది కరెంటు తెచ్చిన తంటా. మన దేశంలో, ఇక్కడ కువైట్‌లో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అమెరికాలో 60 సార్లు. పక్కనే ఉన్న సౌదీలో కూడా 60 అని అక్కడి ఎలక్ట్రీషియన్ అన్నలకు తెలుసు. పాతకాలం టీవీలు ఆ లెక్కలో సగం పట్టుకున్నాయి. 50 ఉన్నచోట 25, 60 ఉన్నచోట 30. మనకు దూరదర్శన్‌లో 1982 లో రంగుల టీవీ వచ్చినప్పుడు పాల్ పద్ధతే వచ్చింది, అంటే 25. అమెరికాలో 1953 లో రంగుల టీవీ పద్ధతి ఖాయం చేసినప్పుడు రంగుల సంకేతం, మాట సంకేతం ఒకదానికొకటి అడ్డు రాకుండా 30 ను కాస్త తగ్గించి 29.97 చేశారు. సినిమా 24 అనేది మాటల సినిమాలు వచ్చిన కాలం నాటి లెక్క. టీవీ పెట్టెలు మారినా ఈ అంకెలు మాత్రం మన నెత్తిన మిగిలిపోయాయి.

అసలు దొంగ

కానీ ఆరింటికి ఒకటి వదిలితే సరిపోయేదైతే, నా వీడియో ఎందుకు చెడింది? ఇక్కడే అసలు దొంగ దొరికాడు.

మీడియాఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. వీడియోను అందులో వేస్తే దాని జాతకం మొత్తం చెబుతుంది. మామ తమ్ముడి ఫోన్ ముక్క వేస్తే, ఫ్రేమ్ రేట్ దగ్గర "వేరియబుల్" అని వచ్చింది. అంటే నిలకడ లేదు. సగటు 29.8.

ఫోన్ కెమెరా వెలుతురు తక్కువైనప్పుడు ఒక్కో ఫోటోకు ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది. అప్పుడు సెకనుకు 30 తీయలేక కాసేపు 24 కో, ఇంకెంతకో దిగుతుంది. లైటు పడగానే మళ్లీ 30. తెల్లవారుజాము పెళ్లి, మండపంలో ఒకవైపు ఫ్లడ్ లైటు, ఒకవైపు చీకటి. ఇక చూసుకోండి. ఫోన్‌లోనే చూస్తే తేడా తెలియదు. ఏ ఫోటో ఏ క్షణానిదో ఫైలులో రాసి ఉంటుంది, ఫోన్ దాని ప్రకారమే చూపిస్తుంది. నా కంప్యూటర్లోని పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రాత చదవకుండా అన్నీ సెకనుకు 30 అనుకుంది.

లెక్క చూడండి. 20 నిమిషాలు అంటే 1200 సెకన్లు. 30 చొప్పున 36,000 ఫోటోలు ఉండాలి. ఉన్నవి 35,760. వీటిని 30 చొప్పున చూపిస్తే 1192 సెకన్లకే అయిపోతాయి. మాట మాత్రం 1200 సెకన్లు నడుస్తుంది. ఆ 8 సెకన్లే పాప మాటను చెప్పుల మీదికి తెచ్చాయి. నా టైమ్ షీట్లలోనూ ఇంతే. మనిషి కొన్ని రోజులు పది గంటలు, కొన్ని రోజులు ఎనిమిది గంటలు పనిచేస్తే, అన్ని రోజులూ పదే అని రాసుకుంటే నెలాఖరుకు లెక్క తేలదు.

నేను చేసిన పద్ధతి

రెండో శుక్రవారం అంతా మొదటి నుంచి మొదలుపెట్టాను. వరుస ఇది.

మొదట ఒక నోట్‌బుక్కులో పట్టిక గీశాను. ఫైలు పేరు, ఎవరి కెమెరా, ఫ్రేమ్ రేట్ ఎంత, నిలకడ ఉందా లేదా. మీడియాఇన్ఫో లేకపోతే విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూసినా ఫ్రేమ్ రేట్ కనపడుతుంది. కానీ నిలకడ సంగతి అక్కడ తెలియదు.

రెండోది, నిలకడ లేని ఫోన్ ముక్కలన్నిటినీ హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేశాను. అందులో వీడియో అన్న పేజీలో ఫ్రేమ్ రేట్ 30 పెట్టి, కింద "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" ఎంచుకోవాలి. క్వాలిటీ అంకె 18 దగ్గర పెట్టాను. ఆ అంకె ఎంత తగ్గితే బొమ్మ అంత బాగుంటుంది, ఫైలు అంత పెద్దదవుతుంది. ఇది తక్కువైన చోట ఫోటోను రెండుసార్లు వేసి, ప్రతి సెకనుకూ కచ్చితంగా 30 చేస్తుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు అయ్యింది.

మూడోది, ఎడిటింగ్ మొదలుపెట్టే ముందే ప్రాజెక్టుకు ఒక రేటు ఖాయం చేసుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో ముక్కలు పెట్టాక దాన్ని మార్చడం కష్టం. నేను 25 పెట్టాను. ఎందుకంటే ఎక్కువ భాగం స్టూడియో కెమెరాలదే, కదలికలు ఎక్కువ ఉన్నదీ అందులోనే. ఫోన్ ముక్కల్లో మనుషులు కూర్చునే ఉన్నారు. మీ దగ్గర ఎక్కువ ఫోన్ వీడియోలే ఉంటే 30 పెట్టుకోండి. ఎక్కువ ఎటు ఉంటే అటు మొగ్గడమే సూత్రం.

నాలుగోది, అమెరికా కెమెరా. దాని 24 నిజానికి 23.976. సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు 24 అని కొడితే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. 29.97 ను 30 అన్నా అంతే. ఈ ముక్కలను 25 లో రెండు రకాలుగా పెట్టవచ్చు. ఒకటి, సెకనుకు ఒక ఫోటో రెండుసార్లు చూపించడం. రెండోది, మొత్తాన్ని సుమారు 4 శాతం వేగంగా నడపడం. సినిమాలను 25 టీవీల్లో వేసేటప్పుడు చాలాచోట్ల ఈ రెండో పద్ధతే వాడేవారు. రెండు గంటల సినిమా 115 నిమిషాల 12 సెకన్లకే అయిపోయేది. అయితే గొంతు శ్రుతి కొంచెం పెరుగుతుంది. నేను బంధువులు కార్లు దిగే ముక్కలకు రెండోది, నాదస్వరం ఉన్న ముక్కలకు మొదటిది వాడాను.

అయిదోది, 60 మీద తీసిన తలంబ్రాలు. 60 ఫోటోలను సెకనుకు 25 చొప్పున చూపిస్తే చక్కని స్లో మోషన్ వస్తుంది. 10 సెకన్ల తలంబ్రాలు 24 సెకన్లు పడతాయి, గింజ గింజా కనపడుతుంది. స్టూడియోలు చేసే మాయ ఇదే. నేను ముచ్చటపడి చేసి మామకు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వొద్దు అల్లుడా. అది ఎంతసేపు జరిగిందో అంతసేపే సూపించు. లేటు సేయొద్దు, తొందర సేయొద్దు. నేను ఆడ కూసోని ఉంటే ఎట్లా కనపడేదో అట్లా పెట్టు" అన్నాడు. తీసేశాను. మామూలు వేగానికే మార్చాను.

ఆఖరున, అతికించాక మొదలు, మధ్య, చివర మూడుచోట్లా నోరూ మాటా కలుస్తున్నాయా అని చూశాను. ఒక్క మొదలు చూసి ఊరుకోవడమే నేను మొదటిసారి చేసిన తప్పు.

మూడో శుక్రవారం

మూడో శుక్రవారం భోజనాలయ్యాక గదిలో తొమ్మిదిమందిమి కూర్చున్నాం. గంటా పది నిమిషాల వీడియో. కన్యాదానం దగ్గర మామ స్థానంలో ఆయన తమ్ముడు పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడిగాడు. మామ ముందుకు వంగి చూశాడు. తాళి కట్టేటప్పుడు బొమ్మ ఆగలేదు. డోలు మీద కర్ర పడ్డప్పుడే చప్పుడు వచ్చింది. ఆఖరికి పాప ఫోన్ వైపు తిరిగింది. నోరు కదిలింది, మాటా అప్పుడే వచ్చింది.

"నాయనా, అన్నం తింటివా?"

మామ "తింటి లేమ్మా" అన్నాడు, గదిలో మేమందరం ఉన్నామన్న సంగతి మరిచి. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఎవరో లేచి చాయ్ పెట్టారు.

ఇంటివాళ్లకు ముందే చెప్పండి

ఊళ్లో శుభకార్యం ఉండి మీరు వెళ్లలేకపోతే, ఈ మాటలు వాళ్లకు ముందే ఫోన్‌లో చెప్పండి. తర్వాత నాలాంటివాడు మూడు వారాలు కూర్చోనక్కర్లేదు.

తీసేవాళ్లందరూ ఒకే ఫ్రేమ్ రేట్ పెట్టుకోవాలి. స్టూడియో అతన్ని ఎంత పెడుతున్నావని అడగండి, 25 అనే అంటాడు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియో దగ్గర పాల్ ఫార్మాట్లు చూపించమని పెడితే 25 కూడా కనపడుతుంది. మిగతా ఫోన్లలో 25 లేకపోతే ఫోన్లన్నీ 30 మీదే ఉంచండి. ఒకరు 60, ఒకరు 24 వద్దు.

చాలా ఫోన్లలో ఆటో ఎఫ్‌పీఎస్ అని ఒక స్విచ్ ఉంటుంది. చీకట్లో రేటు తగ్గించేది అదే. ఉంటే ఆపేయండి. బొమ్మ కాస్త చీకటిగా వచ్చినా మాట తప్పదు. దానికన్నా మంచిది, మనిషి ముఖం మీద లైటు పడేట్టు చూసుకోవడం.

కెమెరాలన్నీ మొదలయ్యాక ఒకరు ఎదురుగా నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టాలి. తర్వాత ఆ చప్పుడు, చేతులు కలిసిన ఫోటో చూసి అన్ని కెమెరాలనూ ఒక్కచోటికి తేవచ్చు. సినిమావాళ్లు క్లాప్ కొట్టేది కూడా ఇందుకే.

ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మలో చారలు పాకుతాయి. ఫోన్‌లో ఫ్లికర్ సెట్టింగ్ ఉంటే మన దేశంలో, కువైట్‌లో 50 పెట్టాలి. సౌదీలో ఉన్న అన్నలు 60 పెట్టుకోవాలి.

వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది పిండేసి చిన్నది చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలుది అసలుగానే వస్తుంది. పెద్ద ఫైళ్లయితే సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి పెన్‌డ్రైవ్ ఇవ్వడమే మేలు. పంపాక కూడా ఫోన్‌లోంచి వెంటనే చెరపవద్దని చెప్పండి.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పాటలూ పూలూ ఎన్నయినా తర్వాత కలపవచ్చు. దూరంగా ఉన్న మనిషికి కావలసింది నోరూ మాటా ఒక్కసారి కలవడం.

మామ ఆ వీడియోను తన ఫోన్‌లోకి ఎక్కించమన్నాడు. స్టోరేజీ చాలక కొన్ని సైటు ఫోటోలు తీసేయాల్సి వచ్చింది. ఆయన వేసిన పెద్ద పెద్ద హాళ్ల టైల్స్ ఫోటోలు. "పోనీలే, అవి ఆడనే ఉంటాయి కదా" అన్నాడు.

వచ్చే వారం, క్యాంపులో ఒకే సాకెట్‌కు నాలుగు ఛార్జర్లు పెట్టేవాళ్ల గురించి రాస్తాను. అంతవరకు సెలవు.